మేష్టారు నిలబెట్టిన వరసలు

మా చరిత్ర మేష్టారు పోయారని మల్కాపురం స్నేహితుడొకడు మొన్న స్టీల్ ప్లాంట్ గేటు దగ్గర చెప్పాడు. దహనం కూడా అయిపోయిందట.

ఆయన ఇటలీ ఎన్నడూ చూడలేదు. అయినా రోమ్ ఇంకా పల్లెగా ఉన్న రోజుల్లో అక్కడివాళ్లు ఎలా యుద్ధం చేశారన్నదే ఆయనకు జన్మంతా ధ్యాస. సమాధుల్లో దొరికిన కంచు డాళ్లను బట్టి, రైతులంతా డాలుకు డాలు ఆనించి వరసకట్టి పోరాడారని కొందరు పండితులంటారు. మేష్టారు ఒప్పుకునేవారు కాదు.

"డాళ్లు గొప్పకి పెట్టుంటార్రా. పెద్దింటోడు తన మనుసుల్ని ఎంటేసుకుని పక్కూరి ఆవుల్ని తోలుకుపోయీవోడు, అంతే. వరస నిలబడాలంటే రాజ్యం ఉండాల, తరిఫీదు ఉండాల."

బి.ఏ. రెండో ఏడు ఒక మధ్యాహ్నం అది చూపిస్తానని మమ్మల్ని మైదానంలోకి తీసుకెళ్లారు. నాతో సహా ఇరవై మందికి డాళ్లుగా విరిగిన బల్లల చెక్కలిచ్చి, భుజానికి భుజం ఆనించి నాలుగు వరసలుగా నిలబెట్టారు. ఎదురుగా ఒట్టి చేతులతో పదిమంది.

"నడవండి. పది అడుగులకే సెదిరిపోతారు, సూడండి."

చెదరలేదు. అయిదో అడుగుకి మా అందరి ఊపిరీ ఒకటైంది. ఎదుటివాళ్లు నవ్వుతూ తప్పుకోబోయారు. ఒకడు జారిపడ్డాడు. నా బెంచీవాడే, ఎలమంచిలి నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. "ఆగండ్రా!" అని మేష్టారు అరవడం వినిపించింది. ఆగాలనే అనుకున్నాను. కాళ్లు ఆగలేదు. పాదం కింద ఏదో మెత్తగా తగిలింది. గోడ అడ్డొచ్చాకే ఆగాం. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అన్నీ ఒకేలా ఉన్నాయి.

అతని చెయ్యి విరిగింది. మేష్టారే రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లి, తప్పు తనదేనని ప్రిన్సిపాల్‌కి చెప్పుకున్నారు. నెల్లాళ్లకు అతను తిరిగొచ్చి నా పక్కనే కూర్చున్నాడు. ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

నేను మేష్టారింటికి వెళ్లి ఏడ్చాను. "నాను ఆగలేకపోయానండి."

"అలా నడవడం నీకెవులు నేర్పార్రా?"

"ఎవులూ నేర్పలేదండి."

ఆయన చాలాసేపు నా కాళ్లవైపే చూశారు. రోమ్‌లో వరసలు లేవని రాసి అచ్చుకు పంపిన వ్యాసాన్ని ఆ వారమే వెనక్కి రప్పించుకున్నారు. ఓడిపోయారా అని అడిగితే, "మనం ఆడిన ఆటతో వాళ్ల సంగతి తేలదురా. రుజువు కాదది. కానీ నాకు తెలుసునని రాయడానికి ఇంక సెయ్యి రాదు" అన్నారు. తెలియదని చెప్పడం సిగ్గుపడే పని కాదని నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే.

పోయినేడు ఆయన్ని వాళ్ల మేడమీద గదిలో చివరిసారి చూశాను. సాయంత్రం ఫ్యాక్టరీ షిఫ్టు వదిలారు. కారియర్లు పట్టుకుని రోడ్డు నిండా మనుషులు ఇళ్లకు పోతున్నారు. మేష్టారు మాట మధ్యలో ఆపి, కిటికీ చువ్వలు పట్టుకుని వింటూ నిలబడ్డారు. కింద ఎవరి అడుగు వాళ్లది. ఒక్క క్షణం మాత్రం నాలుగైదు జతల కాళ్లు కలిసి పడ్డాయి. చువ్వల మీద ఆయన వేళ్లు తెల్లబడ్డాయి.