పిన్నిగారి నెట్ సెంటర్లో పంటు ఆట

పోయిన మంగళవారం పొద్దున్న ఆఫీసుకి బయల్దేరుతుంటే రామచంద్రపురం నుంచి బాబాయిగారు ఫోన్ చేశారు. "అమ్మా, మీ పిన్నిగారు తెల్లవారుతుండగా వెళ్ళిపోయారమ్మా" అన్నారు. నేను ఏడుపు ఆపుకోలేకపోతే ఆయనే నన్ను ఓదార్చారు. "టిఫిన్ చేశావా? ఏమీ తినకుండా బస్సెక్కకు" అని కూడా చెప్పారు. నలభై ఏళ్ళు కాపురం చేసిన భార్య పోయిన పూట కూడా అవతలివాళ్ళ టిఫిన్ గురించి అడిగారంటే మా వైపు మనుషుల మర్యాద ఎలాంటిదో మీకు అర్థమై ఉంటుంది. ఆ మర్యాదే ఒకప్పుడు నా కొంప ముంచబోయింది. అందులోంచి నన్ను బయటికి లాగిన మనిషి పిన్నిగారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆవిడ మాకు చుట్టం కాదు. మా వీధిలో నాలుగో ఇల్లు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాక, ఇంట్లో ఖాళీగా కూర్చోలేక వీధివైపు గదిలో ఆరు కంప్యూటర్లు పెట్టి నెట్ సెంటర్ తెరిచారు. ఊరందరికీ టీచరుగారు, నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ పిన్నిగారు. చెప్పులు బయట విడిచి రావాలి. ప్రతి మానిటర్‌కీ ఆవిడ స్వయంగా అల్లిన దారపు ముసుగు ఉండేది. కువైట్‌లో, మస్కట్‌లో పనిచేసే ఆడవాళ్ళకి ఇంటివాళ్ళు కబుర్లు చెబుతుంటే ఆవిడ రెండు వేళ్ళతో టైపు చేసి మెయిల్ పంపేవారు. ఒక్కటి మాత్రం దాచకుండా చెప్పాలి. మిగతావాళ్ళ మెయిళ్ళు కూడా భుజం మీంచి చదివేసేవారు. పట్టుబడితే "స్పెల్లింగు చూస్తున్నా" అనేవారు, రెప్ప కూడా వేయకుండా.

నేను ఎం.సి.ఏ. ముగించుకుని ఇంటికొచ్చి, ఉద్యోగం మాట ఎత్తకుండా వీడియో గేమ్ తయారుచేస్తానని భీష్మించుకు కూర్చున్న ఏడాది అది. పెద్ద కంపెనీల్లో వందమంది కలిసి చేసే గేమ్ కాదు. నేనొక్కదాన్ని, నాకొక పాత కంప్యూటరు. కోటిపల్లి రేవులో జనాన్ని గోదారి దాటించే పంటు ఉంటుంది. పడవల మీద చెక్కలు పరిచి, మనుషులతో పాటు బళ్ళనీ కార్లనీ కూడా ఎక్కించుకుపోతుంది. నా గేమ్‌లో ఆడేవాళ్ళు ఆ పంటు నడపాలి. ఎక్కించిన ప్రతి వస్తువుకీ దాని బరువు దానికుంటుంది. ఒక పక్క బరువెక్కువైతే పంటు ఒరుగుతుంది, ఒరిగితే సామాను జారుతుంది, జారితే ఇంకా ఒరుగుతుంది. కొబ్బరికాయల బస్తాలు, అరటిగెలలు, మోటారు సైకిళ్ళు, ఒక తెల్లకారు, వీటన్నిటినీ మునిగిపోకుండా అవతలి ఒడ్డుకి చేర్చాలి. అంతే ఆట.

మా నాన్నగారు దసరా వరకు గడువిచ్చారు. "అప్పటికి ఇది పదిమందీ ఆడేలా తయారైతే నీ ఇష్టం. లేకపోతే బ్యాంకు పరీక్షలకి కూర్చోవాలి" అన్నారు. న్యాయమైన మాట. న్యాయమైనది కాబట్టే నాకు రాత్రింబవళ్ళు భయం. గేమ్ బాగుందో లేదో నాకు నేనుగా తేల్చుకోలేను. నాలుగు నెలలు దాని ముఖమే చూసి చూసి, అది అందమైనదో కాదో తెలియని స్థితికి వచ్చేశాను.

పిన్నిగారు తన ఆరు కంప్యూటర్లలోనూ గేమ్ ఎక్కించుకోనిచ్చారు. ఆడినవాళ్ళు అభిప్రాయం రాయడానికి పక్కన ఒక ఫైలు పెట్టాను. వారం తిరిగేసరికి ఫైలు నిండిపోయింది. "చాలా బాగుందండి." "సూపరండి." "మన ఊరి అమ్మాయి చేసిందంటే గర్వంగా ఉందండి." నేను నేల మీద నడిస్తే ఒట్టు. ఇంటికెళ్ళి నాన్నగారికి ఒక్కొక్కటీ చదివి వినిపించాను. పిన్నిగారికి వినిపిస్తే ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటూ "ఊఁ" అన్నారు.

"ఊఁ ఏంటి పిన్నిగారూ?"

"ఏమే, ఇంత బాగున్న ఆటని రెండోసారి ఎవరైనా తెరిచారా?"

ఎవరూ తెరవలేదు.

"నువ్వు చేశావని తెలిశాక నీ ముఖం మీద బాగాలేదని ఎవరంటారు? పెళ్ళిభోజనంలో పులుసులో ఉప్పు లేకపోయినా, పెళ్ళివారు చిన్నబుచ్చుకుంటారని రెండోసారి అడిగి వేయించుకునే మనుషులమే మనం" అన్నారు.

మర్నాడు ఆవిడ ఒక పని చేశారు. గేమ్‌లోంచి నా పేరు తీయించారు. కొత్తగా వచ్చినవాళ్ళందరికీ తానే చెప్పడం మొదలుపెట్టారు. "ఎవరో ఢిల్లీ కుర్రాళ్ళు చేశారటండి. మన గోదారి మీద పంటు నడుపుతారట. ఎలా ఏడ్చిందో కాస్త చూసి చెప్పండి." జీవితమంతా పిల్లలకి నిజం చెప్పమని నేర్పిన మనిషి, అంత నున్నగా అబద్ధం ఆడతారని నేను కలలో కూడా అనుకోలేదు. పైగా ఆవిడకి అది మహా సరదాగా ఉండేది.

నన్ను ఆరో నంబరు కంప్యూటరు దగ్గర, కర్టెన్ వెనక కూర్చోబెట్టారు. ఇక చూడండి. ఢిల్లీవాళ్ళు గోదారి జోలికొచ్చారనేసరికి మా వాళ్ళకి ఎక్కడలేని పౌరుషం వచ్చింది.

"కొబ్బరికాయల బస్తా పడితే బంతిలా ఎగురుద్దేంటండీ? వీడి జన్మలో బస్తా మోశాడా?"

"మోటారు సైకిలుకి స్టాండు వేసి ఉంటే అలా జారదండి. స్టాండు అనేది ఉంటుందని వీళ్ళకి ఎవరైనా చెప్పండి."

"మునిగిన ప్రతిసారీ మొదటి నుంచి ఎక్కించాలంటే ఓపికెవరికుందండి?"

రెండు రోజులు విన్నాను. మూడోరోజు కర్టెన్ వెనకే ఏడ్చేశాను. పిన్నిగారు వచ్చి, పక్కన కూర్చుని, మంచినీళ్ళ గ్లాసు చేతిలో పెట్టారు. తల నిమరడం, జాలిమాటలు చెప్పడం ఆవిడకి రావు.

"బస్తా గురించి తిట్టినాయన ఎంతసేపు ఆడాడో చూశావా? గంటన్నర లేవలేదు. పోయిన వారం బాగుంది బాగుంది అని మెచ్చుకున్నావిడ అయిదు నిమిషాల్లో లేచి ఇంటికెళ్ళి వంట చేసుకుంది. ఎవరికి నచ్చినట్టు?"

ఆ మాట వినకపోయి ఉంటే నేను ఆ సాయంత్రమే బ్యాంకు పరీక్షల పుస్తకాలు కొనుక్కుని ఉండేదాన్ని. అబద్ధం కాదు. కళ్ళు తుడుచుకుని వెళ్ళి బస్తాల బరువు సరిచేశాను. మోటారు సైకిళ్ళకి స్టాండ్లు పెట్టాను.

కానీ ఆటలో ఇంకా ఏదో లోపం ఉంది. ఏమిటో ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఇంతలో ఇంటర్ సప్లిమెంటరీ ఫలితాలు వచ్చిన రోజున, కూతురి నంబరు రాసిన కాగితం పట్టుకుని కోటిపల్లి రేవులో పంటు నడిపే సరంగు నెట్ సెంటర్‌కి వచ్చాడు. ఫలితాల సైటు ఎంతకీ తెరుచుకోవడం లేదు. పిన్నిగారికి ఇంతకన్నా మంచి అవకాశం ఎక్కడ దొరుకుతుంది? ఆయన్ని కూర్చోబెట్టి, మౌసు చేతికిచ్చి, ఢిల్లీ కుర్రాళ్ళ కథ చెప్పారు. ఆయన మౌసు పట్టుకోవడం అదే మొదలు. రెండుసార్లు ముంచాడు, మూడోసారి దాటించాడు. నేను కర్టెన్ సందులోంచి చూస్తూ కూర్చున్నాను.

"ఎవరు సేసారోగానండి, పంటు బానే ఉందండి" అన్నాడాయన. "గోదారే లేదండి ఇందులో."

"అదేంటండీ, నీళ్ళున్నాయిగా?" అన్నారు పిన్నిగారు.

"ఉన్నాయండి. అయ్యి సెరువులో నీళ్ళండి. నిలబడున్నాయి. గోదారి నడుత్తాదండి. రేవు కాడ నెమ్మదిగా ఉంటాది, నడిమికెల్లేసరికి లాగేద్ది. ఆ ఒడ్డు సూసుకుని తిన్నగా పోయారనుకోండి, రేవుకి దిగువన ఎక్కడో తేల్తారు. ఎగువకి పెట్టుకుని పోవాలండి."

ఇక నేనాగలేకపోయాను. కర్టెన్ తోసుకుని బయటికొచ్చి, "ఎంత ఎగువకి పెట్టాలండీ? నడుమ ఎంత జోరుగా లాగుతుంది? నా గేమ్‌లో ఎక్కడ మార్చాలో చూపించండి" అని అడిగేశాను.

సరంగు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నన్నూ, కంప్యూటర్నీ మార్చి మార్చి చూశాడు.

"మీరాండీ సేసింది? అయ్యబాబోయ్! శానా బాగుందండి. గోదారి కూడా బానే ఉందండి. నాకే కళ్ళు సరిగా ఆనవండి."

ఎంత బతిమాలినా ఇంకొక్క ముక్క చెప్పించలేకపోయాను. అడిగిన ప్రతిదానికీ "బానే ఉందండి" అనే. ఇంతలో సైటు తెరుచుకుంది, కూతురు పాసైంది, ఆయన మా ఇద్దరికీ దండం పెట్టి వెళ్ళిపోయాడు. పిన్నిగారు నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "రెండు నిమిషాలు నోరు మూసుకోలేకపోయావే" అన్నారు. మా ఇద్దరి పరిచయంలో ఆవిడ నన్ను నిజంగా కోప్పడింది ఆ ఒక్కసారే. తప్పు నాదే.

మరో రెండు వారాల్లో గోదారికి ఎర్రనీరు, అంటే వానాకాలపు వరద, వస్తుంది. వస్తే పంటు ఆపేస్తారు. అప్పుడు నీటి నడక చూద్దామన్నా కుదరదు. మర్నాడు పొద్దున్నే పిన్నిగారు నెట్ సెంటర్ బాబాయిగారికి అప్పగించి, నన్ను కోటిపల్లి బస్సెక్కించారు. ఆవిడకి నీటి ప్రయాణం పడదని, చిన్న పడవ ఎక్కినా వాంతులవుతాయని నాకు పంటు నడిగోదారికి చేరాక గానీ తెలియలేదు. చేతిలో నిమ్మచెక్క పట్టుకుని వాసన చూస్తూ, "నువ్వు నీళ్ళు చూడు, నేను ఆకాశం చూస్తాను" అన్నారు. అలా అటూ ఇటూ నాలుగుసార్లు దాటాం.

ఆ ఆకాశం చూస్తూనే సరంగుతో కబుర్లు మొదలుపెట్టారు. ఒక్క ప్రశ్న అడగలేదు. అన్నీ తప్పులు చెప్పారు. "గోదారి నడుమనున్న లంక పక్కన నీళ్ళు అసలు కదలవు కదండీ" అంటే, "అయ్యో, అక్కడ ఎనక్కి తిరుగుద్దండి టీచరుగారూ" అన్నాడు. "బరువంతా ముందువైపు పెడితే తొందరగా పోతుందేమో" అంటే, నవ్వి, బరువు ఎక్కడ పెట్టాలో, గాలి ఏ పక్కనుంచి వస్తే ఏం చేయాలో పూసగుచ్చినట్టు చెప్పాడు. నేను వెనక కూర్చుని రాసుకున్నాను. తిరిగి వస్తూ బస్సులో ఆవిడ పాలిపోయిన ముఖంతోనే నవ్వారు. "పిల్లల్ని ప్రశ్న అడిగితే నోరు విప్పరే. మనం తప్పు చెబితే మాత్రం ఊరుకోలేరు. నా సర్వీసంతా ఇదే కదా" అన్నారు. ఆ నవ్వు చూస్తుంటే ఆవిడ మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

నిలబడ్డ నీళ్ళని నడిపించడానికి నాకు మూడు నెలలు పట్టింది. దసరాకి వారం ముందు కొత్త గేమ్ ఆరు కంప్యూటర్లలోనూ ఎక్కించాం. ఈసారి ఫైలు పెట్టలేదు. ఒకాయన కరెంటు పోతే, వచ్చేవరకు వీధి అరుగు మీద కూర్చుని మళ్ళీ ఆడాడు. ఇద్దరు కాలేజీ పిల్లలు ఎగువకి ఎంత పెట్టాలన్న దాని మీద పోట్లాడుకున్నారు. తిట్లు మాత్రం తగ్గలేదు. గేమ్ ఎక్కించిన సీడీలు చేతులు మారి మారి అమలాపురం, పాలకొల్లు, రాజమండ్రి దాకా వెళ్ళాక నాకు మెయిళ్ళు మొదలయ్యాయి. "నీళ్ళు మా బాగా చేశారండి, కానీ మా రేవు పెట్టలేదేంటండి?" "లంక దగ్గర ఆ సుడి మరీ అన్యాయమండి, నిన్నటి నుంచి నిద్ర లేదండి." మా నాన్నగారు అవన్నీ చదివి బ్యాంకు పరీక్షల మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ గేమ్ చూసే ఒక చిన్న కంపెనీవాళ్ళు నాకు ఉద్యోగమిచ్చారు.

ఇంతమంది చెప్పారు కానీ, పిన్నిగారు మాత్రం తన అభిప్రాయం చెప్పలేదు. ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు. "నేను నీ మనిషిని. నా మాట లెక్కలోకి రాదు." అసలు ఆవిడ ఒక్కసారైనా ఆడినట్టు నేను చూడలేదు. ఊరంతా మెచ్చుకున్నా ఆ వెలితి నాకు ఉండిపోయింది. నాకు కావలసింది ఆవిడ మాటే.

ఈ ఏడాది వేసవిలో ఆవిడకి ఆయాసం ఎక్కువై, నాలుగడుగులు వేస్తే అలసిపోతున్నారని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. బాగా చిక్కిపోయారు. మంచం మీద దిండ్లు ఎత్తు పెట్టుకుని కూర్చున్నారు. ఏం మాట్లాడాలో తెలియక లాప్‌టాప్ తెరిచి, గేమ్‌కి నేను కొత్తగా చేర్చిన మజిలీ, అంటే ఇంకో లెవెల్, చూపించాను. అందులో పంటు మీద సామాను ఉండదు. పెళ్ళివారు ఉంటారు. బ్యాండు మేళం, పెళ్ళికొడుకు, అలిగి ఒక మూల నిలబడే మేనమామ. ఎవరూ ఒక చోట కుదురుగా ఉండరు.

ఆవిడ లాప్‌టాప్ ఒళ్ళోకి లాక్కున్నారు. తీరం దాటి పది గజాలు పోకుండానే బ్యాండువాళ్ళందరూ ఒక పక్కకి చేరారు, పంటు తిరగబడింది. పిన్నిగారు "ఓర్నీ" అని మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి సగం దాకా వెళ్ళారు. మళ్ళీ మునిగింది. దిండ్లకి ఆనుకున్న మనిషి నిటారుగా లేచి కూర్చున్నారు.

"ఎలా ఉంది పిన్నిగారూ?" అన్నాను.

"పక్కకి జరుగు. వెలుతురుకి అడ్డొస్తున్నావు."

బాబాయిగారు గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. "కాఫీ చల్లారిపోతోందోయ్. ఒక్క గుక్క తాగి ఆడుకో."

"ఉండండి. ఈ పెళ్ళివారిని ఒడ్డున దించి వస్తాను" అన్నారావిడ, తలెత్తకుండానే. అప్పటికి ఆవిడ పంటుని బాగా ఎగువకి పెట్టుకున్నారు. మేనమామ ఇంకా అలిగే ఉన్నాడు, బ్యాండు మోగుతోంది, నడిమి నీళ్ళు లాగుతున్నాయి. ఆవిడ పెదవి బిగించి, రెండు వేళ్ళతో కీలు నొక్కుతూ, అవతలి ఒడ్డు కేసి చూస్తున్నారు.