ఇరవై ఒక్క పుంజాల మీద ఒక పోగు

నా చిన్నప్పుడు బడిలో ‘శేషం’ అనే మాట వింటే ఒళ్లు మండేది. ఉర్దూ చదువు పోయి తెలుగు చదువు వచ్చిన కొత్త రోజులవి. భాగహారంలో పంచగా మిగిలినదాన్ని పంతులు అలా పిలిచేవారు. అది నా పేరే అనిపించేది. అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, పోయింది. బాపు మళ్లీ పెళ్లి చేసుకుని మంచిర్యాల వెళ్లిపోయాడు. నేను చొప్పదండి దగ్గర అవ్వ పుట్టింట్లో ఉండిపోయాను.

ఆ యేడు మా మేనమామలిద్దరూ వేరుపడాలనుకున్నారు. ఉన్నవి రెండు మగ్గాలు, చెరొకటి. ఎవరి పిల్లలు వాళ్ల వెంట. నా సంగతి ఎవరూ ఎత్తలేదు. “దాన్ని బాపు దగ్గరికి తోలుదాం” అని పెద్దత్త అనడం మాత్రం విన్నాను. అక్కడ సవతితల్లి నన్ను గడప తొక్కనివ్వదని ఊరందరికీ తెలుసు.

పంపకాలకు పెద్దమనుషులు కూర్చునే ముందురోజు సాయంత్రం మా తాత, మగ్గం మీద నిలువుగా సాగే పడుగు పోగులు లెక్కపెడుతున్నాడు. నేతపని తప్ప ఆయనకు అక్షరం రాదు. నూట ఇరవై పోగులైతే ఒక పుంజం. ఆ పడుగు ఇరవై ఒక్క పుంజాలు, అంటే రెండువేల అయిదువందల ఇరవై పోగులు. నా ముఖం చూసి ఏమనుకున్నాడో, పలక తెమ్మన్నాడు.

“గీ లెక్కను ఇద్దరికి పంచు, ముగ్గురికి పంచు. గట్ల పదిమంది దాక పంచుకుంట పో. ఎవ్వలకన్న తక్కువ పడ్తదేమో చూడు బిడ్డా.”

ఏడు దగ్గర తప్పకుండా చిక్కుతుందనుకున్నాను. మూడువందల అరవై చొప్పున తెగింది! ఎనిమిది, తొమ్మిది, పది, ఎక్కడా ఏమీ మిగల్లేదు. ఆయన నవ్వాడు. నేను మాత్రం పలక కింద పెట్టలేదు.

“ఇంకొక్క పోగు ఏస్తే?” అని నేనే వేసి చూశాను. ఇద్దరికి పంచినా ఒకటి, ముగ్గురికి పంచినా ఒకటి, పదిమందికి పంచినా ఒకటి. ప్రతిసారీ అదే మిగిలింది. “అది నేనే తాతా” అని పలక విసిరేసి ఏడ్చాను.

మర్నాడు మగ్గాలు, గింజలు, గిన్నెలు రెండు కుప్పలయ్యాయి. ముసలివాళ్లకు వాటాగా ఆవో, ఇంత జాగో విడిచిపెట్టడం మాలో రివాజు. “నీ పాలు ఏం గావాలె పెద్దయ్యా?” అని పెద్దమనుషులు అడిగారు. మా తాత లేచి వచ్చి నా రెక్క పట్టుకున్నాడు.

“నా పాలు గీ పిల్ల. ఇంకేం వద్దు.”

“అయ్యో మామా, ఎట్ల బతుకుతవు?” అంది పెద్దత్త.

“చేతులున్నయి గద” అన్నాడు. ఒకరి మగ్గం మీద కూలికి నేసి నన్ను మెట్రిక్ దాకా చదివించాడు.

నేను లెక్కల పంతులమ్మనయ్యాను. రెండువేల అయిదువందల ఇరవై ఒకటిని ఒకటీ, తానూ తప్ప మరే సంఖ్యా సమంగా పంచలేదని పెద్దయ్యాక తెలిసింది. చెబుదామంటే తాత లేడు. ఇప్పటికీ ఎక్కడ పంపకాలు జరిగినా, ఎవరి పాలికీ రాని మనిషి ఎవరైనా ఉన్నారేమోనని చూస్తాను. తాతకున్నంత ధైర్యం నాకు లేదు. కానీ ఆయన పట్టు నా రెక్కకు ఇంకా తెలుస్తూనే ఉంది.