వేళ్లకి సిరా పూసే డ్యూటీ

మాది విజయనగరం. నా బ్యాంకు ఉద్యోగం వల్ల ఘాజియాబాద్ వచ్చి, అక్కడ వైశాలి అనే పేటలో అద్దెకి దిగాం. ఓట్లు మాత్రం ఇద్దరివీ ఊళ్లోనే ఉండిపోయాయి. మార్పించుకుందామని నేనెప్పుడన్నా, "ఇక్కడెన్నాళ్లుంటాంలే" అనేవారు మా ఆయన. తొమ్మిదేళ్లు ఆయన అంటూనే ఉన్నారు, నేను వింటూనే ఉన్నాను.

ఆ ఏడు నగర నిగమ్, అంటే కార్పొరేషన్ ఎన్నికలకి నాకు పోలింగ్ డ్యూటీ పడింది. ఒక సర్కారు బడిలో రెండో బల్ల. మొదటి బల్లాయన జాబితాలో పేరు చూసి చదువుతాడు. నేను రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని, ఎడమ చూపుడు వేలికి సిరా రాసి, చీటీ ఇవ్వాలి. చిన్నపిల్లల బెంచీ అది, పదింటికల్లా నడుం పట్టేసింది.

ఉదయమే ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. ఓటరు కార్డుంది గానీ జాబితాలో పేరు లేదు. "కార్డుంటే చాలదు, లిస్టులో ఉండాలి" అని మొదటి బల్లాయన తిప్పి పంపేశాడు. పదకొండింటికి మళ్లీ వచ్చింది, మళ్లీ అదే జవాబు. ఒంటిగంటకి మూడోసారి వచ్చి గుమ్మం పక్కన నిలబడింది.

నిజం చెప్పాలంటే నాకు విసుగొచ్చింది. అది నా భోజనం వంతు. డబ్బా మూత తీసే ఓపిక కూడా లేదు. అయినా ఆమెని దాటుకుని వెళ్లలేక, "రండి దీదీ" అని బయట జాబితా పెట్టుక్కూర్చున్న అంగన్‌వాడీ టీచర్ దగ్గరికి తీసుకెళ్లాను. టీచర్ కాగితాలన్నీ తిరగేసి, ఎవరికో ఫోన్ చేసి కనుక్కుంది. వాళ్ల గల్లీని ఈసారి రెండుగా విడగొట్టారట. ఈమె పేరు నాలా అవతలి బడికి వెళ్లింది. ఆ సంగతి చెప్పే చీటీలు ఇంటింటికీ పంచినప్పుడు ఈమె ఎవరింట్లోనో వంట చేస్తోంది.

టీచర్ బూత్ నంబరు రాసిస్తుంటే ఆవిడని అడిగాను, "మూడుసార్లు తిరిగారు. ఒక్క ఓటుకి ఎందుకింత అవస్థ?"

"మా గల్లీలో మురుగు మోరీ నిండితే, వార్డుకి గెలిచిన పార్షద్ దగ్గరికి వెళ్లేది నేనే మేడమ్. ఏ గల్లీవాళ్లు ఓటేశారో, ఎవరు వెయ్యలేదో ఆయన మనుషులకి తెలుసు. వెయ్యని గల్లీకి మోరీ తీసే బండి రాదు." నా వేళ్లకంటిన సిరా చూసి, "మీరెక్కడ వేస్తారు?" అంది.

"నా ఓటు మా ఊళ్లో ఉంది."

"ఇక్కడికొచ్చి ఎన్నాళ్లయింది?"

"తొమ్మిదేళ్లు."

"అచ్ఛా" అంది. చీటీ కొంగున ముడేసుకుని నాలా వైపు నడిచింది. పెరుగన్నం పులిసిపోయింది. సగం తిని లేచాను.

ఇంటికెళ్లి మా ఆయనకి చెప్పాను. ఈసారి ఆయన "ఎన్నాళ్లుంటాంలే" అనలేదు. ఓటు మార్పుకి ఇద్దరం ఆన్‌లైన్లో ఫారాలు నింపాం. అద్దె అగ్రిమెంటు చెల్లదని ఒకసారి తిప్పి పంపారు. రెండోసారి బ్యాంకు పాస్‌బుక్ పెడితే ఒప్పుకున్నారు. రోజూ కౌంటర్లో అందరికీ నేనే అచ్చేసి ఇచ్చే పాస్‌బుక్ అడ్రసు రుజువుకి పనికొస్తుందని నాకే తెలియలేదు. అసెంబ్లీ ఎన్నికలకి గంటన్నర లైన్లో నిలబడి వేశాం.

మళ్లీ నగర నిగమ్ ఎన్నికలొచ్చేసరికి, కార్డుంది కదా అని నిశ్చింతగా ఉన్నాను. తీరా అడిగితే, వీటికి ఓటర్ల జాబితా వేరే ఉంటుందన్నారు. అందులో మా పేర్లు లేవు. ఆ సాయంత్రం చెప్పులు విప్పకుండానే సోఫాలో కూలబడ్డాను.

"వదిలేద్దామా?" అన్నారు మా ఆయన.

"పేర్లు చేర్పించుకోడానికి ఇంకా నాలుగు రోజుల గడువుంది" అన్నాను.

మర్నాడు సగం రోజు సెలవు పెట్టి ఫారాలిచ్చొచ్చాను. పేర్లొచ్చాయి, ఆయన ఇంటిపేరు తప్పుగా పడింది. అయినా వేయనిచ్చారు. మేం వేసినతను గెలవలేదు. వానొస్తే మా వీధిలో నీళ్లు ఇప్పటికీ నిలుస్తున్నాయి. కాకపోతే ఇప్పుడు ఆ సంగతి చెప్పడానికి మా ఆయన పార్షద్ ఆఫీసుకి వెళ్తున్నారు. పోయిన వారం రెండు గంటలు కూర్చోబెట్టారట. ఇంటికొచ్చి మంచినీళ్లు తాగి, "మంగళవారం మళ్లీ రమ్మన్నారు" అని చెప్పి నడుం వాల్చారు.