మామ రుచి చూసిన నీళ్ళు

మొన్న మా వీధిలో బోరు నీళ్ళు పరీక్ష చేయడానికి ఆఫీసునుంచి ఒక అమ్మాయి వచ్చింది. చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, రెండు చుక్కల మందు వేసి, రంగు మారిందా లేదా అని వెలుతురుకెత్తి చూసి, పుస్తకంలో ఏదో రాసుకుంది. ఇంతకీ నువ్వు ఒక గుక్క తాగి చూడవా తల్లీ అని అరుగు మీదనుంచి అడిగితే, ముసలాయనకు మతి పోయిందేమో అన్నట్లు నవ్వి వెళ్ళిపోయింది. ఆ పిల్లను అనవలసిన పనేమీ లేదు. మా కాలంలో ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఎక్కడ బావి పడినా, ఆ నీళ్ళు మంచివో కావో తేల్చేది మా మేనమామ నాలుకే.

ఆ వైపు పుట్టిన నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, మా నేలలో పది గజాల ఎడంలో రెండు బావులు తవ్వితే ఒకటి తీపు, ఒకటి సవుడు. అందుకే ఊట కనబడగానే మామకు కబురు పోయేది. ఆయన వచ్చి, కాళ్ళు కడుక్కుని, తొలి చెంబు ఎత్తి, కాసేపు పుక్కిట పట్టి మింగి, "పప్పు ఉడుకుతాదప్పా" అన్నాడంటే టెంకాయ కొట్టేవాళ్ళు; తల అడ్డంగా ఊపాడంటే నెలల తరబడి తవ్వినవాళ్ళు కూడా మారుమాట లేకుండా పారలు భుజాన వేసుకుని పోయేవాళ్ళు. మా చిన్నతనంలోనే నాయన పోతే నన్నూ అక్కనూ సాకింది ఆ మామే.

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో, దేవనకొండ వైపు గుట్టల్లో ఒక షావుకారు చిన్న రాగి గని తెరిచి, పక్కనే రాయి కరిగించే కొలిమి పెట్టాడు. ఇప్పుడు వెతికినా ఆనవాలు దొరకదు. మామ అక్కడ నీళ్ళ మేస్త్రీగా చేరి నన్ను పంపు ఇంజను దగ్గర పెట్టించాడు. గనిలో ఊరే నీళ్ళు ఎప్పటికప్పుడు తోడకపోతే మనుషులు దిగలేరు. తోడిన నీళ్ళతో రాయి కడిగి, మిగిలినవి మూడు గుంటల్లో ఒకదాని తర్వాత ఒకటిగా నిలిపి, సున్నం కలిపి, విషం అడుక్కు దిగి తేటపడ్డాకే కాలువ గుండా వంకలోకి వదలాలి. తోడేది నా పని, తేర్చేది మామ పని. మొదటి గుంటలో పాత ఇనుప తుక్కు వేసేవాళ్ళం. ఆ నీలం నీళ్ళలోని రాగి ఇనుముకు ఎర్రగా పట్టుకుంటే గీకి తీసుకునేవాళ్ళు. ఆ నీళ్ళు నోట పెట్టకూడదని గనిలో అందరికీ తెలుసు.

ఆ వంక దిగువనే అక్కను ఇచ్చిన ఊరు. అందరూ కూలి జనం. ఊళ్ళో బావి లేదు, వంక ఇసుకలో చెలమలు తీసి, ఊరిన నీళ్ళు చిప్పతో తోడుకుని తాగేవాళ్ళు. ఒక ఎండాకాలం ఆ నీళ్ళు వగరు తిరిగాయని, పిల్లలకు వాంతులవుతున్నాయని, మేకలు మూతి పెట్టడం లేదని ఊరి పెద్దలు గనికి వచ్చారు. వాళ్ళతో అక్కా వచ్చింది, చంకలో ఏడాది బిడ్డతో. షావుకారు తెలివైనవాడు. నా మాట ఎందుకు, మీరు నమ్మే నీళ్ళాయన్నే తాగి చెప్పమనండి, ఆయన కాదంటే పంపు కట్టేస్తానన్నాడు. మూడో నాటికి రమ్మన్నాడు.

మరునాడు పొద్దున్నే మామ వచ్చి, పంపులో వాల్వు అరిగింది, ఆపమన్నాడు. ఇంజను కోసం బండ్ల మీద తెచ్చి నింపే మంచినీళ్ళ తొట్టి ఒకటి ఉండేది. కాలువ కడిగినట్లుంటుంది, దాన్ని విప్పమన్నాడు. విప్పాను. తొట్టి వట్టిపోతే మళ్ళీ బండ్లు వచ్చి నింపాయి, మళ్ళీ విప్పాను. నాకు అనుమానం రాలేదని ఒట్టు వేయలేను. వచ్చింది గానీ, సాకినవాణ్ణి అనుమానిస్తావా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మూడో నాడు అందరూ చూస్తుండగా మామ కాలువలో చెంబు ముంచి, పుక్కిట పట్టి, మింగి, ఎప్పటి మాటే అన్నాడు. చెంబు చేతులు మారింది, తాగినవాళ్ళంతా తలలూపారు. అక్క మాత్రం బిడ్డకు పట్టబోయి ఆగి, నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు సెప్పప్పా, బిడ్డకు పోయొచ్చునా?"

"మామ తాగినాడు గదక్కా," అన్నాను.

వాళ్ళు నెమ్మదించి వెళ్ళిపోయారు. మరునాటినుంచి పంపు మామూలుగా ఆడింది.

ఆ ఏడు వానలు వెనకబట్టాయి. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న జాతరకు పోతూ అక్క ఇంటికి వెళితే, అక్క అత్త ఒక కొడవలికి పసుపు రాసి గూట్లో పెట్టి దణ్ణం పెడుతోంది. పిడి బిగుసుకోవాలని వంక మడుగులో నానవేసిన కొడవలి మరునాటికి రాగిదైపోయిందట, అంతా ఈరన్న మహిమేనట. ఇరుగుపొరుగువాళ్ళు కూడా తమ కొడవళ్ళు తీసుకుని వంకకు బయలుదేరుతున్నారు. నేను దాన్ని చేతిలోకి తీసుకుని గోటితో గీకాను. పసుపు కింద మా మొదటి గుంటలోని ఎరుపే. సున్నమూ లేదు, తేర్చడమూ లేదు, గనిలో తోడింది తోడినట్లే ఆ బిడ్డల నోటికి పోతోందని అర్థమైంది.

జాతర మానుకుని గనికి తిరిగి వెళ్ళి మామను నిలదీశాను. ఆయన తడబడనే లేదు. "నేను అబద్దం సెప్పలేదురా. ఆ పొద్దు ఆ నీళ్ళు మంచియ్యే, ఇడిసింది నువ్వే గదా. గని మూస్తే నీకూ నాకూ కూడు యాడిది?" అన్నాడు.

కంచే చేను మేయడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది నాకు. షావుకారు సున్నం మిగుల్చుకున్నాడంటే అతనిది వ్యాపారం, మా ఊళ్ళ ముఖం తెలియనివాడు. మామ అట్లా కాదే! తండ్రి లేని పిల్లలకు తన కంచంలో ముద్ద పెట్టినవాడు, ఆ పిల్లల్లో ఒకరి చేత్తోనే ఇంకొకరికి విషం పోయించాడు. ఆయన పోయి ఎన్నో ఏళ్ళయింది, నా కోపం మాత్రం చావలేదు. చావకూడదనే నా కోరిక.

ఆ సాయంత్రమే పని మానేసి అక్క ఊరికి పోయి, అందరి ముందూ జరిగింది చెప్పాను. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. చెలమలు పూడ్చేసి, ఆడవాళ్ళు రెండు మైళ్ళ అవతలి బావికి కడవలెత్తుకుని నడవడం మొదలుపెట్టారు. ఆ నీళ్ళకే మంచం పట్టిన అక్క బిడ్డ బతికింది గానీ కోలుకోవడానికి చాలా కాలం పట్టింది. అందరూ లేచి వెళ్ళాక అక్క నన్ను ఒక్క మాట అడిగింది.

"మామ తాగినాడు, సరే. నువ్వు తాగినావా ఆ పొద్దు?"

తాగలేదు. చెంబు నా దాకా వచ్చింది, పక్కవాడికి అందించాను. తొట్టి నీళ్ళని తెలిసి కూడా ఎందుకు నోట పెట్టలేదో, అక్కకు అప్పుడూ చెప్పలేకపోయాను, ఇప్పుడు మీకూ చెప్పలేను.

ఆ తర్వాత మామను ఏ బావికీ ఎవరూ పిలవలేదు, ఆయన చోట ఇంకొకరినీ పెట్టుకోలేదు. కొత్త నీళ్ళు పడితే ఒకరు తాగడం, మిగతావాళ్ళు మర్నాటిదాకా అతణ్ణి కనిపెట్టి చూడడం అలవాటైంది. ఇప్పుడైతే అన్నిటికీ కాగితాలు వచ్చాయి, మంచిదే, కాగితానికి మొహమాటం ఉండదు. ఒక మనిషి గుక్క మింగి తల ఊపితే ఊరు ఊరంతా బిడ్డలకు పోసుకున్న రోజులు కాలం మారడంతో పోయాయని నా ఈడువాళ్ళు వాపోతుంటే నేను తల వంచుకుని వింటాను. మా వైపు ఆ రోజుల్ని పోగొట్టింది మామా, నేనూ.