డాక్టర్ లుయా పూచీ

మతి చెడిన స్థితిలో నేరం చేశారని కోర్టు తేల్చినవాళ్లకు వైద్యం చేసే క్లినిక్కులు రాజాంగ్ నది పొడవునా, సముద్రపు ఒడ్డునా కలిపి ఐదున్నాయి. సిబూ పట్నంలోని ఆఫీసులో కూర్చుని ఆ ఐదింటినీ నడిపించేది డాక్టర్ లుయా. ముందున్న పెద్దాయన రిటైరైనప్పుడు ఆ కుర్చీ కావాలని ఎవరూ అడగలేదు. ఆ రోజు లుయా సెలవులో ఉంది, కాబట్టి ఆవిడ పేరు రాసేశారు. పెద్ద డాక్టరయిన నాటి నుంచి ఆవిడకు రోగిని చూసే తీరిక లేదు. రోగుల గురించి జరిగే మీటింగులకే పొద్దు చాలేది కాదు.

న్యాండాంగ్ అనే రోగి సంగతి ఆ మీటింగుల్లోకి వస్తూ పోతూ ఏళ్లు గడిచాయి. అతనిది కపిట్ పట్నం దాటాక ఇంకా ఎగువన, పడవలో వెళ్లాల్సిన ఊరు. ఊరంటే ఒక్కటే పొడుగిల్లు. ఒకే కప్పు కింద పాతిక కుటుంబాల గదులు, ముందు అందరికీ కలిపి ఒకే వసారా. ఆ ఇంటికి పెద్ద సాంగౌ. కుర్రతనంలో, తలలో గొంతులు వినబడే రోజుల్లో, న్యాండాంగ్ తన పెదనాన్న కొడుకు ఉంగత్‌ను చూసి దయ్యమనుకుని కత్తెత్తాడు. ఉంగత్ బతికాడు గానీ ఎడమచేతికి మూడు వేళ్లు పోయాయి. అది నేరం కాదు, జబ్బు అంది కోర్టు. నేరమే అయ్యుంటే శిక్ష అయిపోయి ఎప్పుడో ఇల్లు చేరేవాడు. జబ్బు కావడంతో గవర్నరు గారు సంతకం పెట్టేదాకా ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది. జబ్బు తగ్గి చాలా కాలమైంది. నెలకో ఇంజెక్షన్ వేయించుకుంటూ ఆస్పత్రి పెరట్లో వంకాయలు పండించేవాడు.

గవర్నరు సంతకం కావాలంటే ముందు ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. ఒప్పించి రమ్మని లుయా పంపిన ఉద్యోగులు ప్రతిసారీ వెదురుబొంగులో వండిన కోడికూర తిని, బియ్యపు కల్లు తాగి, వట్టి చేతులతో తిరిగొచ్చారు. చివరికి ఆవిడే పడవెక్కింది.

వసారాలో చాప మీద కూర్చుని, న్యాండాంగ్ వల్ల ప్రమాదం తక్కువని ఏ లెక్కన తేల్చామో ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఆవిడా వాళ్లలాగే ఇబాన్ తెగ మనిషే కనక భాషకు తడుముకోనక్కర్లేకపోయింది. సాంగౌ చుట్ట కాలుస్తూ అంతా విన్నాడు.

"వాడి ప్రమాదం తక్కువన్నావు, సరే. మరి నాదెంత అమ్మా?" అన్నాడు.

"అందరికీ ఎంతో కొంత ఉంటుంది మామా."

"నీక్కూడానా?"

"నాక్కూడా."

ఉంగత్ చాప మీద ముందుకు జరిగాడు. మిగిలిన రెండు వేళ్లతో గ్లాసు పట్టుకుని, సంతకం పెట్టేసి పడవెక్కడం ఎవరికైనా వచ్చు డాక్టరమ్మా, ఇక్కడ పడుకునేది మేం కదా, అన్నాడు. ఆ మాట లుయాకు గట్టిగానే తగిలింది. సాంగౌ దాన్ని పట్టుకున్నాడు. వాణ్ణి తీసుకుని నువ్వూ రా, ఓ వారం వాడి పక్కగదిలో ఉండు, నువ్వు నిద్రపోతే మేమూ నిద్రపోతాం అన్నాడు. నలుగురి ముందూ కాదనలేక లుయా సరేనంది. న్యాండాంగ్‌ను ఆ వారం ఆస్పత్రి దాటించడానికి తన పూచీ మీద కాగితం రాసిచ్చింది.

ఆ వారం కోసం ఇల్లంతా సిద్ధమైంది. కత్తులన్నీ పెట్టెల్లో పెట్టి తాళాలు వేశారు. న్యాండాంగ్‌ను ఓ కంట కనిపెట్టమని సాంగౌ ఇద్దరు ఆడవాళ్లకు అప్పగించాడు. కనిపెట్టడానికి అక్కడేమీ లేదు. అతను కోళ్లగూడు బాగుచేశాడు, మిరియాల తీగల కింద కలుపు పీకాడు, మధ్యాహ్నం వసారాలో గుర్రుపెట్టి నిద్రపోయాడు.

లుయాకు మాత్రం కాలు నిలవలేదు. తను లేకపోతే ఐదు క్లినిక్కులూ మూతపడతాయని ఆవిడ గట్టి నమ్మకం. ఇంట్లో ఎక్కడా ఫోనుకు సిగ్నలు అందదు, నీళ్ల ట్యాంకు మీద తప్ప. పొద్దున్నే ట్యాంకెక్కి, ఫోను ఆకాశానికెత్తి, "వినబడుతోందా? నాకు మీ గొంతు వినబడుతోంది. ఎక్కడున్నారు? మళ్లీ మాట్లాడండి" అని కేకలు పెట్టేది. కిందికి దిగి వసారా ఈ చివరి నుంచి ఆ చివరికి వేళ్లు మడుస్తూ, తనలో తను గొణుక్కుంటూ తిరిగేది. కంచంలో అన్నం కెలికి వదిలేసేది. వెనకాల పంది అరిచినా ఉలిక్కిపడేది.

కాపలా పెట్టిన ఆడవాళ్లిద్దరూ సాంగౌ దగ్గరికొచ్చి, వాడికేం, నిక్షేపంలా ఉన్నాడు, ఆవిడ సంగతి చూడు ముందు అన్నారు. సాంగౌ కూడా చూస్తూనే ఉన్నాడు. ఇలాంటివి తెలిసినవాడు కదా అని న్యాండాంగ్‌ను పిలిచి, వసారాలో అందరూ ఉండగానే, ఆవిడకేమైందిరా అని అడిగాడు.

న్యాండాంగ్ ట్యాంకు వైపు చూశాడు. "నాకైతే వద్దన్నా గొంతులు వినబడేవి మామా. ఈవిడ పాపం ట్యాంకెక్కి మరీ పిలుచుకుంటోంది."

వసారా అంతా ఒక్కసారిగా నవ్వింది. ఉంగత్ కూడా నవ్వాడు. నవ్వానని తెలిసొచ్చాక గ్లాసు కింద పెట్టి తన గదిలోకి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి లుయా తిండితిప్పలు న్యాండాంగ్ పని అయ్యాయి. అడవి కూర వేయించి, అన్నం పెట్టి తెచ్చి, తినేదాకా ఎదురుగా కూర్చున్నాడు. ఖాళీ కడుపుతో మందులు వేసుకోవద్దని మీ నర్సులు మమ్మల్ని తిడతారుగా డాక్టర్, అన్నాడు. ఆవిడ తిన్నది. తిన్నచోటే చాప మీద ఒరిగి పొద్దు వాలేదాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. లేచి, ఓ పెద్ద మీటింగు తప్పిపోయిందని గుండె బాదుకుంటూ ట్యాంకెక్కింది. మీటింగు జరిగిందట. ఆవిడ లేదని ఎవరూ గమనించలేదట. ఆవిడ చాలాసేపు ఆ ట్యాంకు మీదే కూర్చుండిపోయింది.

వెళ్లేరోజు సాంగౌ, వాణ్ణి ఉంచుకుంటాం అన్నాడు. ఉంగత్ అడ్డు చెప్పలేదు గానీ, వాడి చేతికి కత్తి ఇవ్వకూడదు, నేను బతికుండగా ఇవ్వకూడదు అన్నాడు. అందుకు ముందుగా తలూపింది న్యాండాంగే. లుయా తన రిపోర్టులో "ఇంటివారు సంపూర్ణ విశ్వాసంతో అంగీకరించారు" అని రాసింది. ఆ విశ్వాసం తనను చూశాక కుదిరిందని రాయడానికి అందులో చోటు లేదు.

కొన్నాళ్లకు సంతకమైంది. న్యాండాంగ్ ఇల్లు చేరాడు. కృతజ్ఞతలు చెబుదామని సాంగౌ ఓ బుట్టెడు మిరియాలతో సిబూ వచ్చాడు. లుయా మీటింగులో ఉంది. అందుకని ఆవిడ పై అధికారిని కలిసి, పెద్దమనిషి తరహాలో నాలుగు మాటలు చెప్పి వెళ్లాడు. అమ్మాయి మంచిది, కాస్త చూసుకోండి, మా దగ్గర నాలుగు రోజులుంటే తేరుకుంది, కావాలంటే మళ్లీ పంపండి అన్నాడు.

అలాంటి మాట చెవిన పడ్డాక ఊరుకోవడానికి రూల్సు ఒప్పుకోవు. ఆవిణ్ణి మానసిక వైద్యుడు పరీక్షించాలని అధికారి ఉత్తర్వు తయారు చేయించాడు. తీరా చూస్తే ఆ ప్రాంతంలో ఆ వైద్యులందరూ లుయా కిందివాళ్లే. వాళ్లలో ఒకరిని ఆ పనికి కేటాయించాలన్నా ఆవిడే సంతకం పెట్టాలి. పెట్టింది.

బింతులు క్లినిక్కు నుంచి తియోంగ్ అనే కుర్ర డాక్టరు వచ్చాడు. ఆవిడ ముందు కూర్చోవడానికి భయపడుతూ, ఒకప్పుడు ఆవిడే తయారుచేసిన ప్రశ్నలు వరసగా అడిగాడు. ఏ ప్రశ్నకు ఏం చెబితే ఇంటికి పంపుతారో ఆవిడకు తెలియనిది కాదు.

"నిద్ర పడుతోందా మేడమ్?"

పడుతోంది అనబోయింది. ఇన్నేళ్లలో ఆ మాట తనను అడిగినవాళ్లు లేరని అప్పుడే తట్టింది.

"లేదు," అంది.

తియోంగ్ పెన్ను కింద పెట్టాడు. "నాకూ పట్టట్లేదు మేడమ్," అన్నాడు.

ఆవిడకు నెల్లాళ్ల విశ్రాంతి కావాలని అతను రాసిచ్చాడు. అధికారి వెంటనే ఒప్పుకుని, ఆ నెల్లాళ్లూ ఐదు క్లినిక్కులు చూసుకునే బాధ్యత తియోంగ్‌కు అప్పగించాడు.

పొడుగింట్లో ఉంగత్, న్యాండాంగ్ ఇప్పుడు ఒకే మిరియాల తోటలో పనిచేస్తున్నారు. ఉంగత్ గడ్డి కోస్తాడు, న్యాండాంగ్ వెనక నడుస్తూ ఏరి మోపు కడతాడు. మాటలు పెద్దగా ఉండవు. లుయా తిరిగొచ్చాక రెండు క్లినిక్కులు తియోంగ్‌కే వదిలేసి, ఎవరేమన్నా వారానికో రోజు స్వయంగా రోగులను చూస్తానని పట్టుబట్టింది. మొదటిరోజు లోపలికి వచ్చిన ముకా ఊరి ముసలాయన ఆవిణ్ణి ఎగాదిగా చూసి, కొత్తగా చేరావా అమ్మా అని అడిగాడు. అవును తాతా, కూర్చో, అంది.