వదిన స్టార్ట్ చేసే కారు

బాపట్లలో వదిన ఇంటి ముందు అన్నయ్య కారు అలాగే ఉంది. ఆయన పోయాక దాన్ని నడిపేవాళ్లు లేరు. ఎవరైనా గీతలు పెడతారని ఆయన బిగించిన డాష్ కెమెరా మాత్రం పగలూ రాత్రీ పనిచేస్తూ బ్యాటరీని తినేస్తోంది. అందుకని, డ్రైవింగ్ రాని వదిన రోజూ పొద్దున్నే కారెక్కి, ఇంజన్ స్టార్ట్ చేసి కాసేపు కూర్చుంటుంది.

ఆమెకు ఆ బాధ తప్పిద్దామని ఈ రోజు తెనాలి నుంచి ఎలక్ట్రీషియన్‌ని వెంటబెట్టుకుని వెళ్లాను. అతను కెమెరా వైరుకు అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి తగిలించాడు.

“బ్యాటరీ తగ్గిందంటే కెమెరాని ఇదే ఆపేస్తుందమ్మా. ఇక మీరు రోజూ స్టార్ట్ చేయక్కర్లేదండి” అన్నాడు.

వదిన ఆ డబ్బాని వేలితో చూపించింది.

“తీసెయ్యి బాబూ” అంది అతనితో. తర్వాత నావైపు తిరిగి, “మీ అన్నయ్య రేపల్లె బడికి బయల్దేరే టైముకి ఆ చప్పుడు వినపడకపోతే నాకు తెల్లారినట్టుండదయ్యా” అంది.

పెద్ద సాయం చేస్తున్నాననుకుంటూ వెళ్లినవాణ్ణి, దాన్ని విప్పించుకుని తిరిగొచ్చాను. ఆ డబ్బా ఇప్పుడు నా జేబులో ఉంది. ఎవరికైనా పనికొస్తుందంటే చెప్పండి, ఇచ్చేస్తాను. మా వదిన కారు బ్యాటరీ మాత్రం రోజూ దిగుతూనే ఉండాలి.