కడుపుకు మంచిదని వేసిన ఇంగువ

మా ఇంట్లో రాత్రిపూట అన్నం మానేసి చపాతీలకు మారింది నా ఆరోగ్యం కోసమే. తార్నాకలో నలభై దాటిన మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రోజు ఈ తీర్మానం జరుగుతుంది. కింది ఫ్లాట్లో ఉండే రిటైర్డ్ పెద్దమనిషి, "రాత్రి రెండు పుల్కాలు తినండి, కుర్రాడైపోతారు" అని హామీ కూడా ఇచ్చారు. కొన్నేళ్లు తిన్నాక నేను ఆయన కంటే ముసలివాణ్ణి అయ్యాను.

నా భార్యా నేనూ ఇక్కడి యూనివర్సిటీలో క్లాస్‌మేట్లం. ప్రేమలో పడింది క్యాంపస్ రోడ్ల మీద నడుస్తూనే. కూర్చుని మాట్లాడుకుందామంటే ఆమె ఎక్కడా ఆగేది కాదు. పెళ్లయ్యాక తార్నాకలో ఇల్లు తీసుకున్నది కూడా ఆ రోడ్ల కోసమే. పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచి రావడం మా కాపురంలో భాగం. ఆమె నాలుగడుగులు ముందు, నేను వెనక. ఆమె మాటలు వెనక్కి విసిరేది, నేను ఏరుకుంటూ వెళ్లేవాణ్ణి.

తర్వాత నా ఓపిక తగ్గింది. కడుపు ఉబ్బరం, ఒంట్లో రక్తం లేకపోవడం. వేసుకున్న ఐరన్ మాత్రలు ఎటు పోయాయో తెలియదు. ముందు ఆర్ట్స్ కాలేజీ దూరమైంది, తర్వాత సగం దారి దూరమైంది, చివరికి యూనివర్సిటీ గేటు దాటగానే వచ్చే సిమెంటు బెంచీ నా గమ్యస్థానమైంది. కొన్నాళ్లు ఆమె నన్ను అక్కడ కూర్చోబెట్టి ఒక్కతే వెళ్లింది. గ్యాస్ కట్టేశానా లేదా అని సందేహం వచ్చిన మనిషిలా మాటిమాటికీ వెనక్కి చూసేది. ఒకరోజు వెళ్లకుండా నా పక్కనే కూర్చుంది.

"నువ్వు పోయి రా," అన్నాను.

"ఏమొద్దు. గీడ గాలి మంచిగనే ఉన్నది."

ఆ రోజు గాలి లేదు. బస్సు పొగ ఉంది.

నా ఓపిక పోవడానికి నేను అలవాటు పడ్డాను. నాతో పాటు ఆమె నడక కూడా ఆగిపోవడం మాత్రం మింగుడుపడలేదు. నేను బుద్ధిగా డాక్టరు దగ్గరికి వెళ్లింది అప్పుడే.

పరీక్షలన్నీ అయ్యాక ఆయన తేల్చారు: గోధుమలో ఉండే గ్లూటెన్ నా పేగులకు పడదు, తిన్నది ఒంటికి పట్టకపోవడం అందుకే. జీవితాంతం గోధుమ ముట్టొద్దన్నారు.

"అన్నం తినొచ్చా?" అని నా భార్య అడిగింది.

"నిశ్చింతగా తినండమ్మా."

తాతల నాటి అన్నం మళ్లీ తినడానికి ఫీజు కట్టి అనుమతి తెచ్చుకున్నది బహుశా మేమే.

ఇంటికొచ్చే ఆటోలో, లాలాగూడ మలుపు దాటాక ఆమె అంది: "గిన్నేండ్లు నీకు నేను విషం పెట్టిన్నా?"

"పెడితే పెట్టినవ్ గని, నెయ్యి రాసి పెట్టినవ్."

నా జోకులకు ఆమె నవ్వకపోవడం కొత్త కాదు. కళ్లు తుడుచుకోవడం కొత్త.

చపాతీలు పోయి అన్నం, జొన్నరొట్టె వచ్చాయి. వారాలు గడిచినా ఉబ్బరం మాత్రం పోలేదు. ఆమె తనకు తెలిసిన వైద్యం మొదలుపెట్టింది: కడుపుకు మంచిదని పప్పులో, చారులో ఇంగువ ఎక్కువ వేసింది. ఉబ్బరం పెరిగింది. దాంతో ఇంగువ ఇంకొంచెం పెరిగింది. ఒక సాయంత్రం కొత్త డబ్బా మూత తీయబోతూ ఆగిపోయింది. డబ్బా మీద చిన్న అక్షరాల్లో, గోధుమ పిండి. పొడి ఇంగువలో అది కలుపుతారని మా ఇద్దరి డిగ్రీల్లో ఎక్కడా లేదు.

డబ్బా నా చేతిలో పెట్టి వంటింట్లో నేల మీద కూర్చుంది. "గిది గూడ నేనే."

నాకు జోకు తట్టలేదు. పక్కన కూర్చున్నాను. "ఇంగువ లేకుంటే చారు ఎట్లుంటది?" అన్నాను.

"ఎల్లిగడ్డ వేస్త. తింటవ్," అని ముక్కు తుడుచుకుని లేచింది.

ఇంగువ మానాక ఉబ్బరం తగ్గింది. ఓపిక మాత్రం బ్యాండు మేళంతో రాలేదు. ఒకరోజు మెట్రో స్టేషన్లో పైకి చేరాక, లిఫ్టు ఎక్కడం మరిచిపోయి మెట్లెక్కానని తెలిసింది. ఆ వారమే బెంచీ దాటాం. ఆమె మాత్రం ఆసుపత్రి వరండాలో నడిపిస్తున్నట్టు నా పక్కనే, నా అడుగులో అడుగు వేసేది. నేను ఆగితే ఆగేది, ఆగకపోయినా ఆగేది. కింది ఫ్లాట్ పెద్దమనిషి ఎదురై, "రాత్రి మళ్లీ అన్నమేనటగా? పొట్ట వస్తుందండీ," అన్నారు. "వస్తే బాగుండునండీ, ప్యాంట్లు నిలవడం లేదు," అన్నాను.

మొన్న పొద్దున ఆమె తన ఆఫీసులో కొత్తగా వచ్చిన మేనేజరు సంగతి ఎత్తుకుంది. ఆమెకు కోపం ముందు కాళ్లలోకి వస్తుంది. నాలుగడుగులు ముందుకెళ్లింది, ఆ తర్వాత ఇంకా ముందుకు. పిలుద్దామని నోరు తెరిచి మూసుకున్నాను. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. మాటలు విసురుతూనే పోతోంది, సగం నాకు అందడం లేదు.

ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర ఆగి తిరిగింది. "వింటున్నవా, లేదా?"

"వింటున్న," అన్నాను. ఒక్క మాటే గానీ, రొప్పకుండా అన్నాను.